కంప్యూటర్ నెట్‌వర్క్‌లు: తరిగొప్పుల మండలం నుంచి చూస్తే

రెండు లేదా అంతకు మించిన పరికరాలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక మాధ్యమంతోనూ, ముందే ఒప్పుకున్న నియమాలతోనూ కలిసి ఉంటే దాన్ని కంప్యూటర్ నెట్‌వర్క్ అంటారు. మాధ్యమం రాగి తీగ కావచ్చు, గాజు పోగు కావచ్చు, గాలిలో పోయే రేడియో తరంగం కావచ్చు. నియమాలకు ప్రోటోకాల్ అని పేరు. పాఠ్యపుస్తకాలు నెట్‌వర్క్‌లను అవి వ్యాపించిన దూరాన్ని బట్టి పాన్, లాన్, మాన్, వాన్ అని విడదీస్తాయి. మనిషి చేతి దూరంలో ఉండేది పాన్, ఒక భవనంలో ఉండేది లాన్, ఒక నగరమంతా పరుచుకున్నది మాన్, ఆపైన ఎంత దూరం పోయినా వాన్. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఈ జవాబు చాలు. నెట్‌వర్క్ మీద ఆధారపడి రోజూ పని చేసుకునే వాళ్లకు మాత్రం దూరం కన్నా వేరే రెండు సంగతులు ముఖ్యం: ఆ తీగ ఎవరి అధీనంలో ఉంది, అది తెగితే ఇంకో దారి ఉందా.

తరిగొప్పుల జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, అంతదాకా ఉమ్మడి వరంగల్ జిల్లా నర్మెట మండలంలో ఉన్న ఈ ఊరు కొత్త మండలానికి కేంద్రమైంది. మండలం అయిందంటే తహసీల్దారు కార్యాలయం, మండల పరిషత్తు వగైరా వచ్చినట్టే. ఇవేవీ ఇప్పుడు బీరువాలోని కాగితాలతో మాత్రమే నడవవు. 2020 అక్టోబరు 29న ధరణి మొదలయ్యాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రారు దగ్గర నుంచి తహసీల్దారు దగ్గరికి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలోకి భూభారతి వచ్చాక కూడా ఆ పని మండలంలోనే జరుగుతోంది. కొన్నవారి వేలిముద్ర, అమ్మినవారి ఫొటో, సాక్షుల వివరాలు ఇక్కడి కంప్యూటర్‌లో ఎక్కుతాయి. రికార్డు రాష్ట్ర స్థాయి సర్వర్‌లో ఉంటుంది. మధ్యలో నెట్‌వర్క్ ఆగితే స్లాట్ బుక్ చేసుకుని వచ్చిన రైతు ఆ రోజు అరుగు మీద కూర్చోవాల్సిందే.

చేతి దూరంలో

వ్యక్తిగత నెట్‌వర్క్, అంటే పాన్, అనగానే చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు గుర్తొస్తాయి. పల్లెలో అంతకన్నా గట్టి ఉదాహరణ రేషన్ షాపు. డీలరు దగ్గర ఉండే ఈపాస్ యంత్రానికి తూకం యంత్రాన్ని బ్లూటూత్‌తో జతచేస్తారు. కాటా మీద బియ్యం ఎంత పడిందో ఆ అంకె డీలరు చేత్తో నొక్కకుండా నేరుగా యంత్రంలోకి పోతుంది. ఇంత చిన్న నెట్‌వర్క్ తూకంలో జరిగే మోసానికి అడ్డుకట్టగా పనికొచ్చింది.

బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో మొదలైంది. 1998లో పలు కంపెనీలు కలిసి దాని ప్రమాణాల కోసం ఒక బృందంగా ఏర్పడ్డాయి. అది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో పనిచేస్తుంది. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే ఉంటాయి కాబట్టి ఎవరి రొదలోనూ చిక్కుకోకుండా పాత తరహా బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు చానల్ మారుస్తుంది. ఒక ప్రధాన పరికరం ఒకేసారి 7 పరికరాలతో మాట్లాడగలదు. మామూలుగా పది మీటర్ల లోపే దాని పని.

కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చే మనిషి చేతి యంత్రాన్ని మీటరుకు ఎదురుగా పెట్టి రీడింగ్ తీసుకోవడం చూసే ఉంటారు. అక్కడ రేడియో లేదు, పరారుణ కాంతి ఉంది. రెండూ ఒకదానికొకటి ఎదురుగా, దగ్గరగా ఉంటే తప్ప పలకవు. ఈ రకం నెట్‌వర్క్‌లో తీగ గొడవే లేదు. యజమాని ఎవరన్న ప్రశ్న కూడా రాదు. చెడితే బ్యాటరీ చూసుకోవడమే.

ఒక కప్పు కింద

స్థానిక నెట్‌వర్క్, అంటే లాన్, ఒక కార్యాలయానికో పాఠశాలకో సొంతం. తీగ మనది, డబ్బా మనది, చెడితే బాగుచేయించుకునే బాధ్యతా మనదే. మిగతా అన్ని రకాల నుంచి దీన్ని వేరుచేసే అసలు లక్షణం ఇదే అని చెప్పవచ్చు.

నేటి లాన్లలో అత్యధికం ఈథర్‌నెట్ పద్ధతిలో నడుస్తాయి. 1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ రాసిన ఒక కార్యాలయ లేఖతో దీని కథ మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 1971లో, హవాయి దీవుల్లో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. దీవుల మధ్య అందరూ ఒకే రేడియో చానల్ వాడేవారు. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోయేవి, ఇద్దరూ కాసేపాగి మళ్లీ పంపేవారు. మెట్‌కాఫ్ ఆ ఆలోచనను తీగలోకి దింపాడు: పంపే ముందు తీగ ఖాళీగా ఉందో లేదో విను, పంపుతున్నప్పుడు ఎవరైనా అడ్డొస్తే ఆపు, ఎవరికి తోచినంత సేపు వారు ఆగి మళ్లీ ప్రయత్నించు. 1983లో ఇది 802.3 అనే ప్రమాణమైంది.

పరికరాలను ఏ ఆకారంలో కలిపారన్న దాన్ని టోపాలజీ అంటారు. పాత ఈథర్‌నెట్ ఆకారం బస్. ఒకే కోయాక్సియల్ కేబుల్ గది చుట్టూ పోతుంది, ప్రతి కంప్యూటర్ వెనక టి ఆకారపు కనెక్టర్‌తో దానికి తగులుకుంటుంది, రెండు చివరలా 50 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించాలి. సన్న కేబుల్ అయితే ఒక ముక్క 185 మీటర్లు మించకూడదు, 30 కంప్యూటర్లు దాటకూడదు. ఖర్చు తక్కువ. తలనొప్పి ఎక్కువ: ఎవరైనా కాలితో తన్ని ఒక కనెక్టర్ ఊడగొడితే గది మొత్తం ఆగిపోయేది, ఎక్కడ ఊడిందో తెలుసుకోవడానికి బల్లల కింద దూరాల్సి వచ్చేది. ఐబీఎం 1980లలో తెచ్చిన టోకెన్ రింగ్ ఇంకో దారి పట్టింది. అందులో టోకెన్ అనే చిన్న సందేశం వలయంలో తిరుగుతూ ఉంటుంది, అది చేతికి వచ్చినవారే మాట్లాడాలి. క్రమశిక్షణలో అదే మేలు. ధరలో ఓడిపోయింది.

ఇప్పుడు గెలిచి నిలిచింది స్టార్. ప్రతి కంప్యూటర్ నుంచి విడిగా ఒక తీగ మధ్యలోని స్విచ్ దాకా వస్తుంది. ఒక తీగ పోతే ఒక కంప్యూటరే పోతుంది. స్విచ్ పోతే అన్నీ పోతాయనుకోండి, కానీ స్విచ్ కళ్లెదుటే ఉంటుంది, మార్చడం పది నిమిషాల పని. మెలివేసిన నాలుగు జతల రాగి తీగల ఈ కేబుల్ స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా 100 మీటర్ల వరకే పోవాలని ప్రమాణం చెబుతుంది. మండల కార్యాలయం లాంటి భవనానికి ఆ హద్దు ఎప్పుడూ అడ్డు రాదు.

స్విచ్‌కు ముందు హబ్ ఉండేది. దానికి తెలివి లేదు. ఒకరు పంపింది అందరికీ చేరవేసేది. స్విచ్ మాత్రం ఏ రంధ్రంలో ఏ కంప్యూటర్ ఉందో గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీ నాడే ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. స్విచ్ ఆ చిరునామాలతో ఒక పట్టిక రాసుకుని ఎవరిది వారికే ఇస్తుంది. ఒక గదిలోని కంప్యూటర్ నుంచి పక్క గదిలోని ప్రింటర్‌కు పహాణీ నకలు పోవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. చాలామంది ఈ సంగతి గమనించరు.

వైఫై ఇదే లాన్‌కు తీగ లేని కొమ్మ. దాని ప్రమాణం, 802.11, 1997లో వచ్చింది. తీగ లేకపోవడం సుఖమే గానీ గాలి అందరిదీ. ఒకే యాక్సెస్ పాయింట్ కింద ఉన్న వాళ్లంతా ఆ వేగాన్ని పంచుకోవాలి, మందపు గోడలు అవతలి వైపు సిగ్నల్‌ను తినేస్తాయి. వేలిముద్ర యంత్రం, ప్రింటర్ లాంటి కదలని వాటికి తీగే మేలు.

అనేక భవనాల లాన్లను సొంత కేబుళ్లతో కలిపితే ప్రాంగణ నెట్‌వర్క్ అవుతుంది. ఈ ప్రాంతంలో పెద్ద ఉదాహరణ వరంగల్‌లోని ఎన్ఐటీ. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలై 2002లో ఎన్ఐటీగా మారిన ఈ సంస్థలో తరగతి గదులు, ప్రయోగశాలలు, వసతి గృహాలు ఒకే నెట్‌వర్క్ కింద ఉంటాయి. అక్కడి నుంచి బయటికి దేశంలోని విద్యాసంస్థలను కలిపే జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌తో సంబంధం ఉంది.

గడప దాటాక

గడప దాటిన క్షణం నుంచి తీగ మనది కాదు. ఇక్కడ స్విచ్ సరిపోదు, రూటర్ కావాలి. స్విచ్‌కు తన ఇంటి వాళ్లే తెలుసు. రూటర్‌కు పొరుగూళ్ల దారులు తెలుసు. సమాచారాన్ని చిన్న చిన్న ప్యాకెట్లుగా కోసి, ప్రతి దాని మీద గమ్యపు ఐపీ చిరునామా రాసి, ఒక రూటర్ నుంచి ఇంకో రూటర్‌కు పంపుతారు. ఈ పద్ధతి అమెరికాలో 1969 అక్టోబరు 29న ఆర్పానెట్ తొలి సందేశంతో ఆచరణలోకి వచ్చింది. 1983 జనవరి 1న ఆ నెట్‌వర్క్ టీసీపీ, ఐపీ నియమాలకు మారింది. ఐపీ నాలుగో కూర్పులో చిరునామా పొడవు 32 బిట్లు, అంటే దాదాపు 429 కోట్ల చిరునామాలు. ప్రపంచ జనాభాకే చాలవు. అందుకే ఒక కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ లోపల సొంత చిరునామాలు పెట్టుకుని బయటికి రూటర్ పేరు మీద ఒకే చిరునామాతో పోతాయి. 128 బిట్ల ఆరో కూర్పు ఈ కొరతను తీర్చడానికి వచ్చింది.

నగర స్థాయి నెట్‌వర్క్, అంటే మాన్, గురించి పల్లె వ్యాసంలో ఎక్కువ చెప్పేదేమీ లేదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ కేంద్రానికి నగరంలోని కెమెరాల దృశ్యాలు చేరేది ఇలాంటి నెట్‌వర్క్ మీదుగానే. నగరంలో కేబుల్ టీవీ వాళ్లు వీధివీధికీ వేసిన ఫైబర్ కూడా ఈ కోవలోకే వస్తుంది.

వాన్ విషయంలో తెలుగు నేలకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1980ల చివర జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం నిక్‌నెట్ పేరుతో జిల్లా కేంద్రాల మీద చిన్న డిష్‌లు పెట్టి ఉపగ్రహం ద్వారా ఢిల్లీతో కలిపింది. 1990ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏపీస్వాన్ అనే నెట్‌వర్క్‌తో సచివాలయాన్ని జిల్లాలకు కలిపింది; ముఖ్యమంత్రి కలెక్టర్లతో జరిపే వీడియో సమావేశాలు అప్పట్లో పత్రికలకు పెద్ద వార్తలు. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ 1999 జూన్‌లో ఇన్ఫినెట్‌ను ప్రారంభించింది. దేశంలోని బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు మాత్రమే పరిమితమైన ఈ ఉపగ్రహ నెట్‌వర్క్‌కు అప్పట్లో హబ్ హైదరాబాదే.

ఉపగ్రహానికి ఒక గుణం, ఒక దోషం ఉన్నాయి. తీగ పోలేని చోటికి అది పోతుంది. భూపాలపల్లి, ములుగు జిల్లాల్లోని అడవి ఊళ్ల వంటి చోట్ల దాని విలువ అక్కడి వాళ్లకే తెలుసు. దోషం దూరం. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి పోయి కిందికి దిగేసరికే పావు సెకను, జవాబు తిరిగొచ్చేసరికి అర సెకను. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. జనగామ నుంచి హైదరాబాద్ సుమారు 85 కిలోమీటర్లు కాబట్టి ఆ దూరం దాటడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు.

విడివిడి నెట్‌వర్క్‌లను కలిపితే ఏం మారుతుందో రైల్వే రిజర్వేషన్ చూపిస్తుంది. ఒకప్పుడు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల కంప్యూటర్లు ఎవరి రైళ్లకు వారే బెర్తులు ఇచ్చేవి. అన్నిటికీ ఒకే విధంగా పనిచేసే కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1994లో మొదట సికింద్రాబాద్‌లో పెట్టారు. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ తర్వాత ఏ కౌంటర్లో నిలబడ్డా ఏ కేంద్రం రైలుకైనా టికెట్ దొరికింది. బెర్తుల సంఖ్య పెరగలేదు, రైళ్లు కొత్తగా రాలేదు. వరస మాత్రం తగ్గింది. కాజీపేట, సికింద్రాబాద్ స్టేషన్ల మధ్య, జనగామ మీదుగా పోయే పట్టాల లాంటి మార్గాల వెంటే రైల్వే సంస్థ రైల్‌టెల్ ఫైబర్ వేస్తుంది. పట్టాల పక్క నేల రైల్వేదే కావడం వల్ల దారి కోసం ఎవరినీ అడగాల్సిన పని లేదు. నేల ఎవరిదన్న ప్రశ్న ఫైబర్ కథలో కేబుల్ ధర కన్నా పెద్దది.

చివరి పది కిలోమీటర్లు

జిల్లా కేంద్రం దాకా ఫైబర్ రావడం ఒక ఎత్తు, అక్కడి నుంచి మండలానికి, గ్రామ పంచాయతీకి రావడం ఇంకో ఎత్తు. దేశంలోని 2.5 లక్షల పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరు 25న ఆమోదం తెలిపింది. ముందుగా ప్రయోగం చేసిన మూడు బ్లాకుల్లో ఒకటి తెలుగు నేల మీదిదే: అప్పటి విశాఖపట్నం జిల్లా పరవాడ. తక్కిన రెండు రాజస్థాన్‌లోని అరాయిఁ, త్రిపురలోని పానిసాగర్. పథకం పేరు తర్వాత భారత్‌నెట్ అయింది.

ఈ పథకం తొలి దశ వాడిన పద్ధతి పేరు జీపాన్. మండల కేంద్రంలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది, పంచాయతీలో ఓఎన్‌టీ అనే చిన్న డబ్బా. మధ్యలో కరెంటు అక్కర్లేని స్ప్లిటర్ ఒక పోగులోని కాంతిని అనేక పోగుల్లోకి పంచుతుంది. ఒక్క పోగు మీద కిందికి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి దాదాపు 1.25 గిగాబిట్లు. కిందికి పోయే కాంతి అన్ని ఊళ్లకూ ఒకటే. ఎవరి డబ్బా వారి ప్యాకెట్లే విప్పి తీసుకుంటుంది, మిగతావి దానికి అర్థం కాకుండా గుప్తలిపిలో ఉంటాయి. పైకి పంపేటప్పుడు ఒకరి మాట మీద ఒకరిది పడకుండా ఓఎల్‌టీ ప్రతి ఊరికీ సమయం కేటాయిస్తుంది. టోకెన్ రింగ్ నాటి క్రమశిక్షణ ఇంకో వేషంలో ఇక్కడ బతికే ఉంది.

మరి ఆకారం? చెట్టు. ఒక మొదలు, కొమ్మలు, రెమ్మలు. ఒక కొమ్మ మీద ఊళ్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు వచ్చినట్టు, ఈ కొమ్మ మీద పై ఊరి దగ్గర పోగు తెగితే కింది ఊళ్లన్నిటికీ వెలుగు ఆగుతుంది. తెగడానికి కారణాలకు కొదవ లేదు. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ, మంచినీటి పైపు కోసం తవ్వే కందకం, కల్వర్టు మరమ్మతు. తెగిన చోటు పట్టుకుని, రెండు కొసల్ని సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, స్ప్లైసింగ్ యంత్రంతో కరిగించి అతకాలి. అతకడం నిమిషాల పని. మనిషీ యంత్రమూ అక్కడికి చేరడమే ఆలస్యం.

రెండు తెలుగు రాష్ట్రాలు ఈ దూరాన్ని రెండు రకాలుగా దాటాలని చూశాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుల్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. వేయడం తొందరగా అవుతుంది, ఖర్చు తక్కువ, తెగితే కంటికి కనిపిస్తుంది. తుపాను వస్తే మాత్రం స్తంభంతో పాటు అదీ పడుతుంది. తెలంగాణ తన మంచినీటి పథకం మిషన్ భగీరథ కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేసింది. ఒకసారి తవ్వి రెండు పనులు చేయడం తెలివైన నిర్ణయం. అయితే గొట్టం వేయడానికీ అందులో పోగు వేసి ఇంటికి వెలుగు తేవడానికీ మధ్య ఏళ్లు గడిచాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ ఇళ్లకు ప్రయోగాత్మకంగా సేవలు మొదలుపెట్టింది 2024 డిసెంబరులో, కొన్ని ఊళ్లలో.

ఈలోగా పల్లెను నిలబెట్టింది మొబైల్. ఈపాస్ యంత్రంలో ఉండేది సిమ్ కార్డే, అంగన్‌వాడీ టీచరు ఫోన్లో ఉండేదీ అదే. టవర్ దాకా గాలి, టవర్ నుంచి అవతలికి మైక్రోవేవ్ లేదా ఫైబర్. అందుకే ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కూడా ఇంటర్నెట్ కదలకపోవచ్చు. గీతలు చెప్పేది టవర్‌కూ ఫోన్‌కూ మధ్య సంగతి. టవర్ వెనక ఏం జరుగుతోందో వాటికి తెలియదు.

ఆగినప్పుడు ఎక్కడ చూడాలి

కార్యాలయాల్లో ఏది ఆగినా వినిపించే మాట ‘సర్వర్ డౌన్’. నిజంగా సర్వర్ ఆగితే రాష్ట్రమంతా ఒకేసారి ఆగాలి. పక్కనున్న నర్మెటలో రిజిస్ట్రేషన్ జరుగుతూ తరిగొప్పులలో జరగకపోతే తప్పు సర్వర్‌ది అయ్యే అవకాశం తక్కువ, దారిలోనే ఎక్కడో ఉంది. వెతకడానికి ఒక వరుస ఉంది. పక్క గదిలోని ప్రింటర్‌కు కాగితం పోతుంటే లాన్ బాగానే ఉంది. స్విచ్ మీద దీపాలు వెలగకపోతే తీగ చూసుకోవాలి, కరెంటు చూసుకోవాలి, యూపీఎస్ బ్యాటరీ చూసుకోవాలి; మన దగ్గర ఎన్నో సార్లు కథ అక్కడే ముగుస్తుంది. ఓఎన్‌టీ డబ్బా మీద లాస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో కాంతి రావడం లేదని అర్థం, ఇక అది గడప అవతలి వాళ్ల పని. అన్ని దీపాలూ పచ్చగా ఉండి ఒక్క వెబ్‌సైటు మాత్రమే తెరుచుకోకపోతే అప్పుడు సర్వర్‌ను అనుమానించవచ్చు.

రెండో దారి విషయంలో ఒక భ్రమ తరచూ కనిపిస్తుంది. రెండు కంపెనీల సిమ్‌లు ఉన్నాయి కాబట్టి రెండు దారులు ఉన్నాయనుకుంటారు. ఆ రెండు కంపెనీలూ ఒకే టవర్‌ను అద్దెకు తీసుకుని, వాటి ఫైబర్లు ఒకే రోడ్డు పక్కన ఒకే కందకంలో పోతుంటే ఉన్నది ఒకే దారి. తవ్వే యంత్రానికి కంపెనీల పేర్లతో పని లేదు.

2023 ఆగస్టు 4న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్, రెండో దారి లేని ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఆకారాన్నే మార్చింది. 1,39,579 కోట్ల రూపాయల ఈ కార్యక్రమంలో 2.64 లక్షల పంచాయతీలను వలయ పద్ధతిలో కలపాలన్నది లక్ష్యం. పాత కొమ్మలను కూడా వలయాలుగా మారుస్తారు. మండల కేంద్రం నుంచి బయల్దేరిన కేబుల్ ఊళ్ల మీదుగా తిరిగి మళ్లీ మండల కేంద్రానికే వస్తుంది. ఒక చోట తెగితే రూటర్లు ఎదురు దిశలో ప్యాకెట్లను పంపుతాయి, ఊరికి ఆ సంగతి తెలియకుండానే. రెండు చోట్ల తెగితే మధ్యలోని ఊళ్లు మిగతా ప్రపంచానికి దూరమవుతాయి. అందువల్ల వలయం గీసేవాళ్లు పోయే దారినీ తిరిగొచ్చే దారినీ వేర్వేరు రోడ్ల మీద పెట్టాలి. వాగు మీద ఒకటే వంతెన ఉన్న చోట మాత్రం రెండు కేబుళ్లకూ ఆ వంతెనే గతి అవుతుంది.